ప్రాణవాయువు నడిచిన దారి



దుర్గ్, రాయపూర్ పట్టణముల నడుమ, వరిపొలముల మధ్య ఒకనాడు చిన్నపల్లెగా ఉండి, 1955వ సంవత్సరములో సోవియట్ ప్రభుత్వముతో మన ప్రభుత్వము చేసికొన్న ఒడంబడిక వలన ఉక్కునగరముగా మారి, 1959వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారి చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించుకొన్న భిలాయిని గురించి మీలో పలువురు వినియే ఉందురు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చి, కొందరు కర్మాగారపు సెక్టార్లలోను, కొందరు ఖుర్సీపార్ వాడలలోను కాపురములు పెట్టి, ఐదవ సెక్టారులో బాలాజీకి కోవెల కట్టుకొని, మూడు తరములుగా ఈ నేలనే తమ నేలగా భావించుకొనుచున్న తెలుగువారు ఇచట వేలకొలది కలరు. వారిలో నేనొకడను. ముప్పది ఏండ్లకు పైగా ఉక్కు కరగించు కన్వర్టరు ముందు నిలిచి పనిచేసి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడను.

నేనీ పూట మీకు చెప్పదలచినది ఉక్కును గురించి కాదు. ఉక్కు చేయుటకై మా కర్మాగారము గాలి నుండి వేరుచేయు ఒక వాయువును గురించి, 2021వ సంవత్సరపు వేసవిలో అది రోగుల ఊపిరితిత్తులను చేరుటకు నడిచిన దారిని గురించి, కొన్నిచోట్ల అది చేరవలసిన వేళకు చేరలేకపోవుటను గురించి చెప్పదలచినాను.

కన్వర్టరు అనగా ఏమో తెలియని శ్రోతల కొరకు ఒక్క మాట. బ్లాస్ట్ ఫర్నేసు నుండి వచ్చు ద్రవలోహములో బొగ్గు అంశము మెండుగా ఉండును. అందుచే అది పెళుసు. ఆ ద్రవలోహమును కుండ వంటి మహాపాత్రలో పోసి, పైనుండి లాన్స్ అను నిలువు గొట్టము దించి, స్వచ్ఛమైన ఆమ్లజనిని ధ్వని వేగమును మించిన వేగముతో దాని మీదికి ఊదినచో, బొగ్గు మండిపోయి ఉక్కు మిగులును. ఒక టన్ను ఉక్కునకు సుమారు 50 ఘనపుమీటర్ల ఆమ్లజని కావలెను. మా వాడుకలో అది ఆక్సిజన్. గేజి మీద కదలు ఒక ముల్లు. ఆ వాయువునకు మన పెద్దలు ప్రాణవాయువని పేరు పెట్టినారన్న సంగతి ఇన్ని సంవత్సరముల ఉద్యోగములో ఒక్కనాడైనను నాకు తలపునకు రాలేదు. 2021 ఏప్రిల్ వరకు రాలేదు.

ఆ ఏప్రిల్ 6వ తేదీ నుండి దుర్గ్ జిల్లా అంతటను లాక్‌డౌను విధించినారు. కోవిడ్ రెండవ తరంగము దేశమును ముంచుచుండగా, మా జిల్లా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో మిక్కిలి నలిగిన జిల్లాలలో ఒకటయ్యెను. తొమ్మిదవ సెక్టారులోని కర్మాగారపు ఆసుపత్రిలో పడక దొరకుట దుర్లభమయ్యెను. కోవెల తలుపులు మూసి ఉండెను. వీధిలో అలికిడి లేదు. అట్టి నిశ్శబ్దములో, రాత్రింబవళ్ళు కర్మాగారపు దారిని పోవుచు వినవచ్చినవి ట్యాంకరు లారీలు మాత్రమే. తెల్లని గుండ్రని వీపులతో, వెనుక అత్యవసర వాహనమని వ్రాసిన బోర్డుతో, ముందు పోలీసు జీపుతో. వానిలో ఉన్నది మా కన్వర్టర్లకు వాడు వాయువే. ఆ సంవత్సరము అది భోపాలుకో, నాగపూరుకో, మరియొక దూరపుటూరికో పోవుచుండెను.

ఇక్కడ ఒక ప్రశ్న సహజముగా పుట్టును. గాలిలో నూటికి 21 పాళ్ళు ఆమ్లజనియే కదా. భూమి మీద ఇంత సమృద్ధిగా ఉన్న వస్తువులు అరుదు కదా. అట్టిదానికి కరవు ఎట్లు వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనినగాని ఆ వేసవి దుఃఖము మనకు సరిగా అర్థము కాదు.

గాలిని లోనికి పీల్చి, దుమ్మును వడగట్టి, అదిమి, అందలి తేమను బొగ్గుపులుసు వాయువును తొలగించి, మరల ఒక్కసారిగా వ్యాకోచింపజేసి చల్లబరచుచు పోయినచో, అది చివరకు నీరువలె ద్రవమగును. ఆ ద్రవములో నత్రజని సున్నకు దిగువ 196 డిగ్రీల వద్ద మరుగును. ఆమ్లజని 183 డిగ్రీల వద్ద మరుగును. ఆ 13 డిగ్రీల తేడాయే మనకు ఆధారము. ఎత్తైన స్తంభములో నత్రజని ఆవిరియై పైకిపోవును. లేత నీలిరంగు ద్రవముగా ఆమ్లజని అడుగున నిలుచును. జర్మనీ దేశపు ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండె 19వ శతాబ్దము చివర గాలిని పెద్దయెత్తున ద్రవము చేయు మార్గము కనిపెట్టినాడు. నేటి ప్రతి ఆక్సిజన్ ప్లాంటును ఆ మార్గమునకు వారసురాలే.

అయితే ఉక్కు కర్మాగారమునకు కావలసినది ద్రవము కాదు, వాయువు. గొట్టములో వాయువు వచ్చిన చాలును. కాబట్టి మా ప్లాంట్లు వాయువునే ఎక్కువగా చేయును. ద్రవముగా తీయగలిగినది అందులో చిన్న భాగము. ఆ భాగమును పెంచవలెనన్నచో నత్రజని, ఆర్గాన్ ద్రవముల ఉత్పత్తిని తగ్గింపవలెను, విద్యుత్తు అధికముగా వెచ్చింపవలెను, కొన్నియెడల ఉక్కు చేయుటయే తగ్గించుకొనవలెను. ఇవన్నియు ఆ నెలలో జరిగినవి. కర్మాగారములు ఆపదకై నిలువ ఉంచుకొను ద్రవామ్లజనిని మూడున్నర రోజుల కోటా నుండి అర్ధరోజు కోటాకు తగ్గించుకొన్నవి. ఏప్రిల్ 22 నుండి పరిశ్రమలకు ఆమ్లజని సరఫరాను, కొన్ని మినహాయింపులతో, కేంద్రప్రభుత్వము నిషేధించినది. భిలాయి, బొకారో, రూర్కెలా, దుర్గాపూర్, బర్న్‌పూర్ అను అయిదు చోట్లనున్న సెయిల్ సంస్థ కర్మాగారములు ఆ నెల చివరివారము నాటికే 35 వేల టన్నులకు పైగా, 99.7 శాతము శుద్ధిగల ద్రవామ్లజనిని ఆసుపత్రులకు అందించినవి.

వాయువు ఉన్నది. మరి లేనిదేమి? పాత్ర లేదు. దారి దూరము.

మన దేశములో ఉక్కు ఎచట పుట్టునో ద్రవామ్లజని ప్రధానముగా అచటనే పుట్టును: ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్, మన విశాఖపట్టణము. ఆ ఏప్రిల్‌లో రోగులు విలవిలలాడుచున్నది ఢిల్లీలో, మహారాష్ట్రలో, ఉత్తరప్రదేశములో. నడుమ వేయి, పదునైదు వందల కిలోమీటర్లు. మొదటి తరంగములో రోజునకు సుమారు 3 వేల టన్నులుగా ఉండిన అవసరము రెండవ తరంగములో దాదాపు 9 వేల టన్నులకు ఎగబ్రాకెను. ఆ ద్రవమును మామూలు లారీలో పోయుటకు వీలులేదు. ఒక పాత్రలో మరియొక పాత్ర, రెంటి నడుమ గాలి తీసివేసిన శూన్యము, ఇట్లు మన ఇంటి ఫ్లాస్కు వలె కట్టిన ట్యాంకరు కావలెను. అట్టివి దేశములో లెక్కకు తగినన్ని లేవు. ఒకటి రెండు వారములలో కట్టించుటకు అవి చెక్కబండ్లు కావు. నత్రజనికి, ఆర్గానుకు వాడుచుండిన ట్యాంకర్లను శుద్ధిచేసి ఆమ్లజనికి మార్చినారు. విదేశముల నుండి కంటెయినర్లను వాయుసేన విమానములలో తెప్పించినారు. ఒక్కొక్క ట్యాంకరు నింపుటకు గంటలు, నడుచుటకు రోజులు, ఖాళీచేయుటకు గంటలు, తిరిగి వచ్చుటకు మరల రోజులు. మార్గములో గడచు ప్రతి దినము ఎక్కడనో ఒక వార్డులో గేజి ముల్లు దిగజారు దినమే.

మా వీధిలోని ఒక కుర్రవాడు ఆ రోజులలో ట్యాంకరు తోలుచుండెను. ఒకనాటి మధ్యాహ్నము, ఎండ 42 డిగ్రీలు కాయుచుండగా, వాని బండి వెనుక గొట్టముల మీద తెల్లని మంచు పేరుకొని ఉండుట చూచి నేను ఆగినాను. మూతికి కట్టిన గుడ్డ దించకుండగనే వాడన్న మాట నాకు నేటికిని చెవిలో నిలిచి ఉన్నది. "తాతగారూ, ఇది మామూలు లోడు కాదండి. నిండుచూలాలిని బండెక్కించి పుట్టింటికి తీసుకెళ్ళినట్టు తోలాలండి. గట్టిగా బ్రేకు కొట్టకూడదు, గతుకులో దించకూడదు. అలాగని ఆలస్యమూ చేయకూడదండి." వాడు రెండు దినములుగా స్నానము చేయలేదు. ఇంట తల్లికి జ్వరము. ఆ మాట చెప్పి వాడు బండి తీసికొని పోయినాడు.

ఈ దూరమును జయించుటకు రైలు ముందుకు వచ్చిన వృత్తాంతమును కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయనగా అందులో మన విశాఖపట్టణపు పాలు కలదు, ఇంజనీర్ల జాగరూకత కలదు.

లారీనే రైలుబండి మీద ఎక్కించి, డ్రైవరుతో సహా తీసికొనిపోవు పద్ధతి కొంకణ్ రైల్వేలో ఎంతోకాలముగా వాడుకలో ఉన్నది. ఆ పద్ధతిని ట్యాంకర్లకు వర్తింపజేయవలెనని సంకల్పించినారు. సంకల్పము సులభమే. కాని రైలు మార్గము మీద వంతెనలు కలవు, సొరంగములు కలవు, తలపైన కరెంటు తీగె కలదు. లారీ ఎత్తు, దానిని మోయు బల్లవ్యాగను ఎత్తు కలిసి వాని క్రింద ఇమడవలెను. నానారకముల ట్యాంకర్లను కొలిచి, కొన్నిటిని ఎక్కించి దించి పరీక్షించి, చివరకు 3,320 మిల్లీమీటర్ల ఎత్తుగల ఒక రకపు ట్యాంకరు, 1,290 మిల్లీమీటర్ల ఎత్తుగల బల్లవ్యాగను మీద ఇముడునని నిశ్చయించినారు. రెండును కలిసి 4,610 మిల్లీమీటర్లు. శ్రోతలు ఈ అంకెను సామాన్యముగా చూడకుందురు గాక. ఆ వేసవిలో వేలమంది ఊపిరి ఈ కొలబద్ద లెక్క మీద నిలిచి ఉండెను. పశ్చిమ కనుమల మీదుగా దగ్గరదారి ఉన్నను ఆ ఎత్తునకు అది అనుకూలింపదని, వసాయి, సూరత్, భుసావళ్ మీదుగా చుట్టుదారి పట్టించినారు.

ఏప్రిల్ 19వ తేదీ రాత్రి ముంబయి సమీపమందలి కళంబోలి నుండి ఏడు ఖాళీ ట్యాంకర్లతో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరి, 1,850 కిలోమీటర్లకు పైబడిన దూరమును 50 గంటలకు కొంచెము మించిన కాలములో గడచి, విశాఖ ఉక్కు కర్మాగారమును చేరెను. అచటివారు పది గంటలలో ఏడింటిని నింపినారు. 100 టన్నులకు పైబడిన ద్రవామ్లజని. ఒక ట్యాంకరులోని 15 టన్నుల ద్రవము ఆవిరియైనచో ఆసుపత్రులలో మనము చూచు పెద్ద సిలిండర్లు 1,600 వరకు నిండును. ఏలయనగా ఒక లీటరు ద్రవము సుమారు 860 లీటర్ల వాయువుగా విచ్చుకొనును. అట్టి ట్యాంకర్లు ఏడు. బండి 21 గంటలలో నాగపూరు చేరి అచట మూడింటిని దించి, తక్కిన నాలుగింటితో ఏప్రిల్ 24వ తేదీ ఉదయము 10 గంటల 25 నిమిషములకు నాసిక్ చేరెను.

ఆ నాసిక్ నగరములోనే, అంతకు మూడు దినములకు ముందు, ఏప్రిల్ 21వ తేదీన, ఒక పురపాలక ఆసుపత్రిలో ఆమ్లజని తొట్టి కారిపోయి సరఫరా ఆగిపోగా కనీసము 22 మంది రోగులు మరణించిరి. ఆ రైలును ఎంత వేగిరపరచినను వారికి ఉపకరించి ఉండెడిది కాదు. వారి కొరత దూరపుది కాదు, మంచము ప్రక్కది. ఈ సంగతిని నేను మరల ప్రస్తావింపవలసి ఉన్నది.

ఆ తరువాత జూన్ నడిమికి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌లు 30 వేల టన్నులకు పైగా ద్రవామ్లజనిని దేశము నలుమూలలకు మోసినవి. ఇందులో నాకొక సంతోషము కలదు, దానిని దాచుకొనను: ఈ దేశపు రైళ్ళు పరుగెత్తు పట్టాలలో అధికభాగము మా భిలాయి రైలుమిల్లులో రూపొందినవే. మేము చేసిన పట్టాల మీదనే ఆ వాయువు పోయినది.

రైలుతో పాటు విమానమును అక్కరకు వచ్చినది. ఏప్రిల్ 23వ తేదీన హైదరాబాదు బేగంపేట విమానాశ్రయము నుండి వాయుసేన వారి సి-17 విమానములు తెలంగాణ ప్రభుత్వపు ఖాళీ ట్యాంకర్లను ఒడిశాకు మోసికొనిపోయినవి. నిండు ట్యాంకర్లనే విమానములో తేకూడదా యని ఆనాడు పలువురు అడిగిరి. అది కూడదు. ద్రవామ్లజని నిరంతరము కొంచెము కొంచెముగా మరుగుచుండును. ఆ ఆవిరి మూసిన విమానగర్భములో చేరినచో ఒక నిప్పురవ్వ చాలును. అందుచే పోవునపుడు గగనమార్గము, వచ్చునపుడు నేలమార్గము. అంత మాత్రముననే రాకపోకలలో రోజుల కాలము మిగిలెను. మే నెలలో ట్యాంకర్ల జాడ తీయు వ్యవస్థ యొకటి ఏర్పడినది. సరకుతో పాటు వ్యాపారులు పొందు ఈ-వే బిల్లు, టోలుగేటు వద్ద ఫాస్టాగ్, డ్రైవరు చేతనున్న ఫోను, ఇవన్నియు అంతకు మునుపే వాడుకలో నున్నవే. వానిని ఒకచోట గ్రుచ్చి, ఏ బండి ఎచట ఆగినదో అధికారులకు తెలియునట్లు చేసినారు. ఈ పని మార్చిలోనే జరిగి ఉండవలసినదని నా అభిప్రాయము. మొదటి తరంగమునకును రెండవదానికిని నడుమ మనకు చిక్కిన నెలలు స్వల్పములు కావు.

మరల మంచము ప్రక్కకు వత్తును. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో, తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు నుండి రావలసిన ట్యాంకరు ఆలస్యము కాగా, గొట్టములలో ఒత్తిడి తగ్గిపోయి, ప్రభుత్వపు లెక్క ప్రకారము 11 మంది ప్రాణములు కోల్పోయిరి. తరువాత ట్యాంకరు వచ్చినది, సరఫరా పునరుద్ధరింపబడినది. అంతరాయము నిమిషములది. వేయి కిలోమీటర్లను గంటలలోనికి కుదించిన ఇంజనీరు విద్య, ఆ కొద్ది నిమిషముల కొరకు ప్రక్కన నిండు సిలిండర్ల వరుసను సిద్ధముగా నుంచు ఏర్పాటు లోపించుటచే ఓడిపోయినది. ఆ ఏర్పాటునకు కావలసినది గొప్ప యంత్రము కాదు. తొట్టిలో ఎంత ఉన్నదో గంటగంటకు చూచి వ్రాయు ఒక మనిషి, ముల్లు ఎంత దిగినపుడు ఎవరిని పిలువవలెనో వ్రాసిన ఒక కాగితము, అర్ధరాత్రి పిలిచినను పలుకు ఒక ఫోను. మా కన్వర్టరు వద్ద ఈ మూడును ఎల్లవేళల ఉండెడివి. ఆమ్లజని ఒత్తిడి తగ్గినచో లాన్స్ దానంతట అదే పైకి లేచును, మేము పరుగెత్తనక్కరలేదు. ఉక్కునకు మనము చేసికొన్న ఏర్పాటు రోగికి చేయకపోవుట నన్ను బాధించిన విషయములలో మొదటిది.

మన తెలుగువారికి విపత్తు అనగా ముందుగా తలపునకు వచ్చునది ఉప్పెన. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను సముద్రము ముంచి సుమారు పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. నాడు హెచ్చరిక చెప్పు రేడియో ఉన్న ఇండ్లు తక్కువ; విన్నను పోవుటకు ఎత్తైన కట్టడము లేదు. అటుపిమ్మట తీరము పొడవునను తుపాను ఆశ్రయములు కట్టినారు, రాడార్లు నెలకొల్పినారు, 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖను తాకునప్పటికి లక్షలాది ప్రజలను ముందే తరలించగలిగినారు. ఆ ముప్పదియేడు సంవత్సరములలో సముద్రము మారలేదు. చెప్పుటకును చేరుటకును దారి ఏర్పడినది, అంతే. ప్రాణవాయువు విషయములోను మనము నేర్చుకొనవలసినది అదియే గాని వేరొకటి కాదు.

2021 మే నెలలో జరిగిన ఒక ప్రయత్నము నాకు మిక్కిలి నచ్చినది. ద్రవము చేయుట కష్టము, మోయుట కష్టము. వాయువు మాత్రము కర్మాగారములో గొట్టము నిండుగా ఉన్నది. అట్లయినచో వాయువును రోగి వద్దకు పంపుటకు మారుగా రోగినే వాయువు వద్దకు తెచ్చిన నేమి? ఈ యుక్తితో ఉక్కు కర్మాగారముల ప్రక్కనే ఆసుపత్రులు నెలకొల్పినారు. విశాఖ ఉక్కునగరములో గురజాడ కళాక్షేత్రమును మొదట 300 పడకల చికిత్సాలయముగా మార్చి, కర్మాగారపు ఆమ్లజనిని గొట్టముల ద్వారా తెచ్చినారు. నాటకములాడు మందిరములో, ప్రేక్షకుల కుర్చీలుండు చోట మంచములు వేసి, ట్యాంకరుతోను రైలుతోను పనిలేకుండ ఊపిరినిచ్చినారు. ట్యాంకర్ల కొరకు దేశమంతయు ప్రాకులాడిన నెలలలో, వేల టన్నుల వాయువు నిత్యము ప్రవహించు గొట్టముల ప్రక్కనే ఇంత సులభమైన ఉపాయము ఉన్నదని మేము ఏప్రిల్ మొదట తలపలేకపోతిమి. మా వంటి పాతవారు సయితము తలపలేదు. ఇది నేను ఒప్పుకొనవలసిన లోపము.

ఆ సంవత్సరము తరువాత దేశములోని ప్రతి జిల్లాలోను ఆసుపత్రుల ఆవరణలలో చిన్న ఆమ్లజని ప్లాంట్లు వెలసినవి. పీఎం కేర్స్ నిధితో నెలకొల్పినవే 1,200కు పైగా ఉన్నవి. ఇవి గాలిని ద్రవము చేయవు. జియోలైట్ అను రాతిగుండ పొరలలో గాలిని అదిమి పంపగా, ఆ గుండ నత్రజనిని పట్టి ఉంచుకొని, నూటికి 93 పాళ్ళు శుద్ధిగల ఆమ్లజనిని వదలును. ట్యాంకరు అక్కరలేదు, రైలు అక్కరలేదు. కరెంటు, కంప్రెసరు, ఆరిన జియోలైట్, దానిని నడుపుట తెలిసిన మనిషి ఉన్న చాలును.

అయితే ఏ కంప్రెసరైనను నెలల తరబడి త్రిప్పక వదలినచో తుప్పు పట్టును, తేమ లోపల చేరినచో జియోలైట్ చెడును, నడుపుట నేర్చినవాడు మరియొక ఉద్యోగమునకు పోయినచో మీటలు చూచినను ఎవరికిని ఏమియు తెలియదు. ముప్పది ఏండ్లు యంత్రముల నడుమ గడపినవాడను గనుక ఈ మాట అనుభవముతో చెప్పుచున్నాను.

కావున శ్రోతలారా, మీ ఊరి ప్రభుత్వాసుపత్రికి ఎప్పుడైనను పోయినపుడు, ఆవరణలో ఒక మూలనున్న ఆ ఆమ్లజని ప్లాంటు వద్ద ఒక్క నిమిషము నిలువుడు. అది మోగుచున్నదా? చివరిసారి ఎప్పుడు నడపినారు? దానికి ప్రత్యామ్నాయముగా నిండు సిలిండర్లు ఎన్ని, ఎచట ఉన్నవి? పర్యవేక్షకుని మర్యాదగా అడుగుడు. మీ పంచాయతీ సభ్యునిచేత, మీ శాసనసభ్యునిచేత అడిగింపుడు. వారానికొకమారు ఆ ప్లాంటును నడిపి, ఒత్తిడిని పుస్తకములో వ్రాయుచున్నారని తెలియువరకు అడుగుట మానవలదు.